పారిపోవాలనిపించే అమ్మకి పిల్లల మీద ప్రేమ లేదా? (అపోహలు - వాస్తవాలు)

ఈ వారంలోనే ముగ్గురు అదే మాట అన్నారు. తలుపు వేసి ఉందో లేదో ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుని, గొంతు తగ్గించి, "మేడమ్, ఒక్కోసారి అన్నీ వదిలేసి ఎటైనా వెళ్లిపోవాలనిపిస్తోంది" అంటారు. నేను నోరు తెరిచేలోపే "అంటే నాకు పిల్లల మీద ప్రేమ లేనట్టేనా?" అని వాళ్లే అడుగుతారు. కౌన్సెలింగ్‌లో ఈ ప్రశ్న వినని నెల లేదు నాకు.

అపోహ: పారిపోవాలనిపించే తల్లికి పిల్లల మీద ప్రేమ ఉండదు.

వాస్తవం: ఉంటుంది. నా దగ్గరికి వచ్చేవాళ్లు ఏళ్ల తరబడి విరామం లేకుండా చేసి చేసి అలసిపోయినవాళ్లు. బెల్జియంలో ఇసబెల్ రోస్కామ్, మొయిరా మికొలాయ్‌చాక్ అనే ఇద్దరు సైకాలజిస్టులు దీన్ని పేరెంటల్ బర్నవుట్ పేరుతో పరిశోధిస్తున్నారు. అంటే పిల్లల పెంపకంలో పూర్తిగా అలసిపోవడం. దాని లక్షణాలు ఇవి: పొద్దున లేవగానే "ఇంకో రోజు గడపాలా" అనిపించేంత అలసట, పిల్లలకి అన్నీ చేస్తూనే మనసు వాళ్లకి దూరంగా ఉండడం, తల్లిగా ఉండడంలో సంతోషం పోవడం, "నేను ఇలాంటిదాన్ని కాదే" అని కుమిలిపోవడం. ఈ చివరిది చూడండి. ప్రేమే లేకపోతే ఆ కుమిలిపోవడం ఎందుకు?

ఈ ఒక్క అపోహ వల్ల జరిగే నష్టం ఇంతా అంతా కాదు. చెబితే చెడ్డ తల్లి అంటారని దాచుకుంటారు, బయటికి మాత్రం తలనొప్పి, చిరాకు, నిద్ర పట్టకపోవడం కనిపిస్తాయి. ఒకామె (వివరాలు మార్చాను) ఏడాదిన్నర తలనొప్పికి మందులు వాడి, స్కానింగ్‌లో ఏమీ లేదన్నాక నా దగ్గరికొచ్చింది. రోజూ బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పి పది నిమిషాలు ఊరికే కూర్చునేదట, తనని ఎవరూ పిలవని చోటు అదొక్కటేనట. భర్త నన్ను పక్కకి పిలిచి "ఇంట్లో ఏం లోటు మేడమ్?" అన్నాడు. మంచివాడే, నిజంగానే అర్థం కాలేదు పాపం.

"మా అమ్మలు ఆరుగుర్ని పెంచలేదా, వాళ్లకి లేని డిప్రెషన్ వీళ్లకెందుకు" అనే వాట్సాప్ మెసేజ్‌లు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వాళ్లకి లేదని ఎవరు చెప్పారు? వాళ్లని ఎవరైనా అడిగారా?

నా సంగతీ చెబుతాను. మా అమ్మాయి రెండో తరగతిలో ఉన్నప్పుడు పెన్సిల్ పోగొట్టుకుందని దాని మీద ఎంత గట్టిగా అరిచానంటే, అది ఏడవడం కూడా మానేసి నన్నే చూస్తూ నిలబడిపోయింది. పెన్సిల్ కోసం కాదు ఆ అరుపు. ఆ రోజు మొత్తంలో నేను గుర్తుపెట్టుకోవాల్సిన ముప్ఫయ్యో విషయం అది, అంతే. ఆ చూపు ఇప్పటికీ మర్చిపోలేదు.

అపోహ: కాన్పు తర్వాత ఏడుపు మామూలే, దానంతటదే పోతుంది.

వాస్తవం: మొదటి వారంలో వచ్చే ఏడుపు చాలామందికి రెండు వారాల్లోపు తగ్గిపోతుంది. అది దాటితే డిప్రెషన్ ఉందేమో చూపించుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో కాన్పు అయిన వందమందిలో దాదాపు 13 మందికి ఏదో ఒక మానసిక సమస్య, ముఖ్యంగా డిప్రెషన్ వస్తోంది. కాన్పు తర్వాత డిప్రెషన్ ఉందేమో చూడడానికి 1987లో వచ్చిన ఎడిన్‌బరో స్కేల్ అనే ప్రశ్నాపత్రంలో పదే ప్రశ్నలు, ఐదు నిమిషాల పని. రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు కూడా చేయించండి. చనిపోవాలనిపించినా, ఎవరివో గొంతులు వినిపిస్తున్నా, బిడ్డకి ఏదైనా చేసేస్తానేమోనని భయమేసినా రేపటిదాకా ఆగొద్దు, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి, ఆమెని ఒంటరిగా వదలొద్దు.

అపోహ: డిప్రెషన్ మందులు మొదలుపెడితే జీవితాంతం వాడాలి, పాలివ్వడం మానేయాలి.

వాస్తవం: చాలామందికి కొన్ని నెలలు చాలు. సెర్ట్రలిన్ లాంటి డిప్రెషన్ మందులు పాలిచ్చే తల్లులకీ రాస్తారు. మీ అంతట మీరు మాత్రం ఆపేయకండి, డాక్టర్ మెల్లగా తగ్గిస్తారు.

అపోహ: భర్త కాస్త సాయం చేస్తే సరిపోతుంది.

వాస్తవం: "ఏం చేయాలో చెప్పు, చేస్తాను" అంటారు. ఆ చెప్పడమే ఒక పని కదా! ఇందాక చెప్పిన దంపతుల్ని కూర్చోబెట్టి, ఇంట్లో ఎవరు ఏం గుర్తుపెట్టుకుంటున్నారో రాయించాను. టీకా తేదీ, ఫీజు గడువు, అత్తగారి బీపీ మాత్రలు ఎప్పటికి అయిపోతాయి, చిన్నోడి బూట్లు బిగుతయ్యాయా... ఆమెవి రెండు పేజీలు వచ్చాయి, ఆయనవి మూడు లైన్లు. ఆ కాగితం పట్టుకుని ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మాత్రలు, స్కూల్ వ్యవహారం మొత్తం తన మీద వేసుకున్నాడు, గుర్తుపెట్టుకోవడంతో సహా. మొదట్లో రెండుసార్లు మర్చిపోయాడు, ఆమె అందుకుని చేయకుండా ఆగింది, అది ఆమెకి చాలా కష్టమైంది. తలనొప్పి పూర్తిగా పోలేదు, వారానికి ఒకసారి వస్తోందట. పోయిన నెల మాటల్లో చిన్నోడి బూట్ల సైజు అడిగితే ఆమె చెప్పలేకపోయింది, ఆయన చెప్పాడు.