బుల్‌పెన్‌లో వేసిన బంతులకు లెక్క ఉండదు: రిలీఫ్ పిచర్లపై అపోహలు - వాస్తవాలు

పన్నెండేళ్లుగా అమెరికాలో ఫిజియోథెరపిస్టుగా బేస్‌బాల్ పిచర్ల (క్రికెట్‌లో బౌలర్ల లాంటివాళ్ల) భుజాలు, మోచేతులు చూస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది రిలీవర్లు, అంటే ఆట మధ్యలోనో చివర్లోనో బంతి అందుకునేవాళ్లు. ఇంటికి ఫోన్ చేసినా, ఇక్కడ మనవాళ్లు కలిసినా వీళ్ల గురించి ఒకే రకం మాటలు వినిపిస్తాయి.

అపోహ: ఆడేది ఒక్క ఇన్నింగ్స్ (ముగ్గురు ఔటయ్యేదాకా; మామూలుగా ఆటకు తొమ్మిది), వేసేది పదిహేను బంతులు. అందులో కష్టమేముంది?

నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టే మాట ఇదే. టీవీలో కనిపించేవి ఆ పదిహేనే. అంతకు ముందు జరిగేదంతా బుల్‌పెన్‌లో, అంటే ఫెన్స్ అవతల రిలీవర్లు చెయ్యి వేడెక్కించుకునే చోట జరుగుతుంది. అక్కడ ఫోన్ మోగుతుంది, కోచ్ ఒక పేరు చెబుతాడు. ఆ కుర్రాడు జాకెట్ తీసేసి లేచి బంతులు వేయడం మొదలుపెడతాడు. ఈలోగా మౌండ్ (మైదానంలో పిచర్ నిలబడే దిబ్బ) మీదున్న పిచర్ ఒకే బంతికి ఇద్దరిని ఔట్ చేసి ఇన్నింగ్స్ ముగిస్తే, ఇతను మళ్లీ కూర్చోవాలి. ఒళ్లు చల్లబడ్డాక ఫోన్ మళ్లీ మోగుతుంది.

ఒక సీజన్‌లో ఓ ఎడమచేతి కుర్రాడితో కలిసి చిన్న నోటు పుస్తకం పెట్టాం. బుల్‌పెన్‌లో వేసిన ప్రతి బంతికీ ఒక గీత. ఒక రాత్రి మొదటిసారి లేచి 22 వేశాడు, కూర్చున్నాడు. మళ్లీ లేచి 17, మళ్లీ 14. ఆట అయిపోయింది, అతన్ని పిలవలేదు. మొత్తం 53 బంతులు వేస్తే స్కోరు షీట్‌లో అతని పేరే లేదు. "నిన్న రెస్ట్ దొరికింది కదా" అని మర్నాడు ఆడించారు. ఆ మర్నాడు పొద్దున చొక్కా తొడుక్కోబోతే చెయ్యి భుజం దాటి పైకి లేవలేదు. ఆ పుస్తకం తీసుకెళ్లి వాళ్ల కోచ్‌కి చూపించాను. గీతలన్నీ లెక్కపెట్టి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

అపోహ: రిలీవర్ అంటే మన క్రికెట్‌లో డెత్ ఓవర్ల బౌలరే.

ఒత్తిడి వరకూ నిజమే. కానీ డెత్ బౌలర్ అప్పటికే మైదానంలో ఉంటాడు, తన ఓవర్లు ఎప్పుడొస్తాయో ఓ అంచనా ఉంటుంది. రిలీవర్‌కి తన వంతు వస్తుందో రాదో కూడా తెలియదు. ఒకసారి బయటికి వెళ్తే ఆ ఆటలో తిరిగి వచ్చే వీలు లేదు.

అపోహ: స్టార్టర్‌గా (ఆట మొదలుపెట్టే పిచర్‌గా) పనికిరానివాడిని రిలీవర్‌ని చేస్తారు.

చాలామంది స్టార్టర్లుగానే మొదలుపెట్టినవాళ్లు, అది ఒప్పుకుంటాను. స్టార్టర్ ఒకే బ్యాటర్‌కి ఒక రాత్రిలో మూడుసార్లు ఎదురు పడాలి కాబట్టి అతని చేతిలో మూడు నాలుగు రకాల బంతులు ఉండాలి. రిలీవర్ ఒక్కసారి ఎదురు పడతాడు, కాబట్టి ఒకటో రెండో రకాలు అద్భుతంగా పడితే చాలు. పనామాలో చేపల పడవల మీద పనిచేసిన మరియానో రివేరా 1995లో న్యూయార్క్ యాంకీస్ జట్టుకి పది ఆటలు స్టార్టర్‌గానే వేశాడు. తర్వాత దాదాపు ఒక్క కట్టర్‌తోనే (చివర్లో కాస్త పక్కకు జరిగే వేగపు బంతి) 652 సేవ్‌లు (ఆధిక్యం కాపాడి ఆట ముగించడం, కింద వివరిస్తాను) చేసి, 2019లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఓటేసినవాళ్లందరి ఓటూ పొందిన మొదటి ఆటగాడయ్యాడు. 601 సేవ్‌ల ట్రెవర్ హాఫ్‌మన్ మొదట షార్ట్‌స్టాప్, అంటే రెండో, మూడో బేస్‌ల మధ్య ఉండే ఫీల్డర్. మరో రిలీవర్ కెన్లీ జాన్సెన్ అయితే క్యాచర్, మన వికెట్ కీపర్ లాంటివాడు. వీళ్లెవరూ మిగిలిపోయిన సరుకు కాదు.

అపోహ: ఎన్ని సేవ్‌లు ఉన్నాయో చూస్తే అంతా తెలిసిపోతుంది.

సేవ్ అధికారిక లెక్కలోకి వచ్చింది 1969లో. మూడు పరుగులకు మించని ఆధిక్యంతో బంతి అందుకుని, కనీసం ఒక ఇన్నింగ్స్ వేసి ఆట గెలిపించి ముగిస్తే ఒక సేవ్. ఇంకో రెండు దారులున్నా ఎక్కువగా కనిపించేది ఇదే. మరి ఏడో ఇన్నింగ్స్‌లో మూడు బేస్‌ల్లోనూ ప్రత్యర్థి రన్నర్లు పరుగుకు సిద్ధంగా ఉన్నప్పుడు వచ్చి ఒక్క పరుగూ ఇవ్వకుండా బయటపడేసినవాడికి? సేవ్ రాదు. ఒకవేళ ఆ రన్నర్లు పరుగులు చేసినా అవి వాళ్లను వదిలి వెళ్లిన పాత పిచర్ ఖాతాలోనే పడతాయి. అంటే మంచి పనీ చెడ్డ పనీ రెండూ ఇతను ఇచ్చిన పరుగుల సగటులో కనపడవు. నన్నడిగితే క్లోజర్ (చివర్లో వచ్చి ఆట ముగించే రిలీవర్) కంటే ఆ ఏడో ఇన్నింగ్స్ మనిషే ఎక్కువ కష్టపడతాడు.

అపోహ: మేజర్ లీగ్‌లో (అమెరికా బేస్‌బాల్‌లో అన్నిటికంటే పై లీగ్) అడుగుపెడితే జీవితం సెటిల్.

2022 చివర్లో క్లోజర్ ఎడ్విన్ డియాజ్‌కి న్యూయార్క్ మెట్స్ జట్టు ఐదేళ్లకు 10.2 కోట్ల డాలర్ల ఒప్పందం ఇచ్చింది. అది వార్త అయ్యింది, ఎందుకంటే అంతకు ముందు ఏ రిలీవర్‌కీ పది కోట్ల డాలర్లు దాటలేదు. మామూలు రిలీవర్ కథ వేరు. మూడు సీజన్ల పాటు జట్టు అతన్ని అడగకుండానే కింది లీగ్‌కి పంపవచ్చు. 2022 నుంచి ఒక సీజన్‌లో ఐదుసార్లకు మించకూడదన్న పరిమితి వచ్చింది. నేను చూసిన ఒకతను అదనపు ఇన్నింగ్స్‌లో మూడు ఇన్నింగ్స్ శుభ్రంగా వేసి ఆట నిలబెట్టాడు. అదే రాత్రి అతన్ని కిందికి పంపారు. మర్నాటికి అలిసిపోని చెయ్యి కావాలి కాబట్టి. తప్పేం చేశానని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

డబ్బు తేడా కూడా తెలుసుకోండి. 2025లో మేజర్ లీగ్ కనీస జీతం ఏడాదికి 7,60,000 డాలర్లు, అదీ అక్కడ ఉన్న రోజుల లెక్కనే. జట్టు 40 మంది జాబితాలో లేని ట్రిపుల్-ఏ (మేజర్ లీగ్‌కి ఒక మెట్టు కింది లీగ్) ఆటగాడికి 2023లో ఆటగాళ్ల సంఘంతో కుదిరిన ఒప్పందం ఇచ్చిన కనీసం ఏడాదికి 35,800 డాలర్లు. స్వేచ్ఛగా జట్టు మారాలంటే ఆరేళ్ల మేజర్ లీగ్ సర్వీసు కావాలి.

అపోహ: మోచేతి సర్జరీ అయితే కెరీర్ ఖతం. లేదా, సర్జరీ అయితే ఇంకా వేగం పెరుగుతుంది.

రెండూ వింటాను. రెండోది మరీ ప్రమాదం, పదహారేళ్ల పిల్లల నోట కూడా వస్తోంది. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్, పిచర్ టామీ జాన్‌కి మొదటిసారి చేసిన ఈ సర్జరీలో తెగిన లిగమెంట్ స్థానంలో ఒంట్లోని వేరే చోటి స్నాయువును కుడతారు. తిరిగి ఆడటానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. వేగం పెరిగిందనుకుంటే అది ఆ నెలల్లో చేసిన కసరత్తు వల్ల.

పిచర్ కుమార్ రాకర్ అమ్మమ్మ తాతయ్యలు ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చినవాళ్లు. అతను స్టార్టరే కానీ మనవాడని చెబుతున్నాను. 2023లో సర్జరీ అయింది, 2024 సెప్టెంబర్‌లో టెక్సస్ రేంజర్స్ జట్టు తరఫున మేజర్ లీగ్‌లో అడుగుపెట్టాడు. ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చి 2008లో పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టుతో ఒప్పందం చేసుకున్న రింకూ సింగ్ (క్రికెటర్ రింకూ వేరు) ఎడమచేతి పిచర్. అతనికీ ఇదే సర్జరీ జరిగింది, మేజర్ లీగ్ దాకా రాలేకపోయాడు.

అపోహ: ముప్ఫై దాటితే అయిపోయినట్టే.

రిలీవర్ హోయ్ట్ విల్‌హెల్మ్ మొదటి మేజర్ లీగ్ ఆట ఆడింది 29 ఏళ్లకు. దాదాపు యాభై వరకూ ఆడాడు. ఎడమచేతి రిలీవర్ జెస్సీ ఒరోస్కో 1,252 ఆటల్లో వేశాడు, అది ఇప్పటికీ రికార్డే. ఒక్క ఎడమచేతి బ్యాటర్ కోసం వచ్చి వెళ్లే అలాంటి స్పెషలిస్టుల దారి మాత్రం 2020లో చాలావరకు మూసుకుపోయింది. ఇప్పుడు కనీసం ముగ్గురు బ్యాటర్లకు వేయాలి, లేదా ఇన్నింగ్స్ ముగించాలి.

అపోహ: మా బాబు రిలీవరే కదా, రోజూ వేయొచ్చు.

ఇది డల్లాస్, న్యూజెర్సీల్లో ఉన్న మన తల్లిదండ్రుల కోసం. మేజర్ లీగ్, యూఎస్ఏ బేస్‌బాల్ కలిసి ఇచ్చిన పిచ్ స్మార్ట్ సూచనల్లో స్టార్టర్ అని, రిలీవర్ అని తేడా లేదు. 11-12 ఏళ్లవాళ్లకు రోజుకు గరిష్ఠంగా 85 బంతులు. 21 నుంచి 35 వేస్తే ఒక రోజు విశ్రాంతి, 66 లేదా అంతకు మించి వేస్తే నాలుగు రోజులు. ఒకే ఆటలో పిచింగ్ చేసి క్యాచింగ్ కూడా చేయించకండి. ఆ సంఖ్యల్లో వార్మప్ బంతులు కలవవు కాబట్టి, అవి మీరే ఒక పుస్తకంలో రాసుకోండి. మోచేతి లోపలి వైపు నొప్పి అని పిల్లాడు అంటే ఆ రోజుకి బంతి పక్కన పెట్టించి డాక్టర్‌కి చూపించండి. ఫైనల్ మ్యాచ్ అయినా సరే.