ఎలుక మెదడుకు కరెంటు పెడితే

తిరుపతి

చిన్నా, అమ్ములూ,

మెదడుకు కాస్త కరెంటు తగిలిస్తే మెలటోనిన్ అనే హార్మోను ఊరి హాయిగా నిద్రపడుతుందట, నిజమేనా తాతా అని అడిగారు కదా. ఫోన్లో తేలే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నా.

మెలటోనిన్ ఊరితే నిద్ర రావాలనేమీ లేదు. మన వంటింట్లో గిన్నెలు దొర్లించే ఎలుకకూ అది పెరిగేది రాత్రే, అదేమో రాత్రంతా తిరుగుతూనే ఉంటుంది! చీకటి పడిందని ఒంటికి కబురు చెప్పడమే దాని పని.

అది ఊరేది తలలోని పీనియల్ గ్రంథిలో. అక్కడికి వెళ్లే నరాల దారి మాత్రం భలే చుట్టుదారి. వెలుగుచీకట్ల కబురు కంటి నుంచి మెదడు అడుగునున్న హైపోథాలమస్ అనే భాగానికి చేరుతుంది. అక్కడ పారావెంట్రిక్యులర్ అనే కేంద్రం దాన్ని వెన్నుపాములోకి దింపుతుంది. ఛాతీ దగ్గర బయటపడి, మెడలోని నరాల ముడిదాకా ఎక్కి, మళ్లీ తలలోకే వస్తుంది. తిరుమలకు ఒక ఘాట్ రోడ్డులో ఎక్కి ఇంకోదాంట్లో దిగినట్టు. రాత్రి ఆ నరాల కొసలు నోర్ అడ్రినలిన్ అనే రసాయనాన్ని వదులుతాయి. దాంతో సెరటోనిన్ అనే ఇంకో రసాయనాన్ని మెలటోనిన్ వైపు నడిపే ఎంజైము జోరందుకుంటుంది.

ఇక కరెంటు సంగతి. మెడలోని ఆ ముడికి ఎక్కే నరాన్ని పగటిపూట కరెంటుతో ప్రేరేపిస్తే, ఎలుకలో ఆ ఎంజైము రాత్రి అయినట్టే పెరిగింది. 1982లో అచ్చయిన పరిశోధన అది. సరే, అయితే పైనున్న పారావెంట్రిక్యులర్ కేంద్రాన్నే కదిలిస్తే ఇంకా పెరగాలి కదా? 1985లో జర్మనీ పరిశోధకులు మగ ఎలుకల్లో రాత్రిపూట అదే చేశారు. మెలటోనిన్ తగ్గింది! లైటు వేస్తే తగ్గినట్టే తగ్గింది. పోనీ ఆ కేంద్రం అక్కర్లేదా అంటే, దాన్ని దెబ్బతీస్తే రాత్రి పెరుగుదలే ఉండదు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన చిక్కుముడి ఇదే. కరెంటు సూదికి తన పర భేదం లేదు. ఉసిగొల్పే కణాలనూ, ఆపే కణాలనూ, పక్కనుంచి పోయే నరాలనూ ఒక్కసారే లేపుతుంది. చివరికి ఏది గెలుస్తుందో ముందే చెప్పలేం.

ఇంకోమాట, దాచడం నాకిష్టం లేదు. ఇలాంటి ప్రయోగాల్లో గ్రంథిలో ఎంత ఊరిందో కొలవడానికి దాన్ని బయటికి తీసేవారు. ఆ ఎలుక ఇక బతకదు.

మనుషుల మెలటోనిన్ తగ్గడానికి సూదులు అక్కర్లేదు, రాత్రిపూట గట్టి వెలుగు చాలని 1980లోనే తేలింది. కాబట్టి కరెంటు ఎక్కడ పెట్టారో, ఏ వేళ పెట్టారో చెప్పని వీడియోలు నాకు పంపకండి. చెప్పేవి దొరికితే మాత్రం వెంటనే పంపండి.

మీ తాత