సుగ్గికి పోయే ఇళ్ల పిల్లల చదువు: అపోహలు, వాస్తవాలు

అపోహ: ఇల్లు లేని పిల్లలంటే గుంతకల్లు స్టేషన్లో తిరిగేవాళ్లే.

వాస్తవం: వాళ్లు కొందరే. ఆదోని, కోసిగి వైపు నుంచి గుంటూరుకు సుగ్గికి, అంటే పంట పనుల కాలంలో వలస కూలికి పోయి, మిరపచేల గట్ల మీద పట్టల కింద నెలల తరబడి ఉండే పిల్లలకూ ఇల్లు లేనట్టే. ఊళ్లో తాళం వేసిన ఇల్లుంది కాబట్టి ఎవరి లెక్కలోకీ రారు.

అపోహ: టీసీ, పుట్టిన సర్టిఫికెట్ లేకపోతే బడిలో చేర్చుకోరు.

వాస్తవం: 2009 విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం టీసీ ఆలస్యమైందని, 14వ సెక్షన్ ప్రకారం వయసు రుజువు లేదని సీటు కాదనకూడదు. అంగన్‌వాడీ రికార్డు, ఏఎన్ఎం రిజిస్టరు చాలు. అవీ లేకుంటే తల్లిదండ్రులు రాసిచ్చే వాంగ్మూలం. ఆధార్ లేదని కూడా ఆపకూడదని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అసలు చిక్కు తర్వాత వస్తుంది: ఒక బడిలో ఒక పుట్టినతేదీ, ఇంకో బడిలో ఇంకొకటి. పదో తరగతి దగ్గర ఇదే మెడకు చుట్టుకుంటుంది. మొదట రాయించిన తేదీనే అన్నిచోట్లా రాయించండి.

అపోహ: జూన్ దాటితే అడ్మిషన్ లేదు.

వాస్తవం: ఉంది. అదే చట్టం 15వ సెక్షన్ చదివి చూపించండి.

అపోహ: 11 ఏళ్ల పిల్ల బడి ముఖమే చూడకపోతే ఒకటో తరగతిలో కూర్చోవాలి.

వాస్తవం: వయసుకు తగిన తరగతిలోనే చేర్చాలి, దాంతోపాటు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. కేంద్ర నమూనా నిబంధనల్లో అది కనీసం 3 నెలలు, గరిష్ఠంగా 2 ఏళ్లు. పేరు ఆరులో రాసి శిక్షణ ఎగ్గొడితే పిల్ల నెలలోపే బడి మానేస్తుంది. తప్పు పిల్లదంటారు!

అపోహ: సీజనల్ హాస్టల్ (పెద్దలు వలస పోయిన నెలల్లో పిల్లలు ఉండే హాస్టల్) తెరిస్తే పిల్లలు ఊళ్లోనే ఉండిపోతారు.

వాస్తవం: ఎప్పుడు తెరిచారన్నదే ముఖ్యం. వలస పోయేవాళ్ల లారీ కదిలాక తెరిచిన హాస్టల్ ఎవరికి? పత్తి తీతకు కూలి కిలోల లెక్కన, కాబట్టి పిల్లల చేతులూ లెక్కే. పెద్దమ్మాయినైతే చంటిబిడ్డను చూసుకోవడానికే తీసుకుపోతారు. దసరాకే ఇంటింటి జాబితా రాసి, అవ్వతాతలు ఇంటి దగ్గర ఉంటారా అని అడగాలి.

అపోహ: స్టేషన్లో దొరికిన పిల్లవాణ్ని నేరుగా హాస్టల్లో వేస్తే సరి.

వాస్తవం: కాదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయాలి, 24 గంటల్లోపు బాలల సంక్షేమ కమిటీ ముందుకు తీసుకెళ్లాలి.

అపోహ: వలస పోయొస్తే మళ్లీ మొదటి నుంచి చేర్పించాలి.

వాస్తవం: పాత బడిలో ఇచ్చిన 11 అంకెల పెన్ (పర్మనెంట్ ఎడ్యుకేషన్ నంబర్) ఉంటే కొత్త బడి ఆన్‌లైన్లో పిల్లవాడి వివరాలు తెచ్చుకోవచ్చు. పుట్టినతేదీ కూడా అడుగుతుంది. రెండూ ఒక చీటీ మీద రాసి, రేషన్ కార్డు సంచిలోనే పెట్టి పంపండి.