రైఫిల్ మ్యాగజైను: కోత్‌లో విన్న అపోహలు, చేతికి తెలిసిన వాస్తవాలు

కర్నూలులో మే నెల. పొద్దున ఎనిమిదికే ఫైరింగ్ రేంజిలో నేల కాలుతోంది. ఓ కొత్త కానిస్టేబుల్ పడుకొని కాలుస్తున్నాడు. రెండు రౌండ్లు, అంటే తూటాలు, పోయాయి, మూడోది సగం దూరి ఇరుక్కుంది. సరిచేసి ఇచ్చాం. మళ్ళీ రెండు పోయాయి, మళ్ళీ ఆగింది. "సార్, ఈ తుపాకీ పనికిరాదు సార్, మార్పించండి" అన్నాడు. నేను తుపాకీ జోలికి పోలేదు. పక్కవాడి మ్యాగజైను, అంటే తుపాకీకి కింద తగిలించే రౌండ్ల డబ్బా, తెప్పించి దానికి పెట్టించాను. మిగిలిన రౌండ్లన్నీ ఒక్కసారి కూడా ఆగకుండా పోయాయి.

అతని మ్యాగజైను ఎండకెత్తి చూశాను. పై రౌండు ఎగిరిపోకుండా రెండు వైపులా పట్టి ఉంచే అంచులుంటాయి, లిప్స్ అంటాం. అందులో ఎడమది రవ్వంత బయటికి వాలింది. గోరు మందం కూడా ఉండదు. బొటనవేలితో నిమిరితే తెలిసింది గానీ, చూపుకు వెంటనే ఆనలేదు. ఎప్పుడో సిమెంటు గచ్చు మీద తలకిందులుగా పడి ఉంటుంది. ఆ రవ్వంతకే రౌండు ముక్కు పైకి లేచి, రౌండు పేలే చోటైన చాంబర్‌లోకి పోవలసింది దాని పై అంచుకు తగులుతోంది.

కోత్‌లో, అంటే ఆయుధాలు భద్రపరిచే గదిలో, వాటిని బాగుచేసే ఆర్మరర్‌గా ఇన్నేళ్ళలో నా ముందుకొచ్చిన "తుపాకీ ఆగింది" ఫిర్యాదుల్లో నేను మొదట చూసేది మ్యాగజైనే. రైఫిల్‌ను నూనె రాసి, గొట్టం శుభ్రం చేసే తాడు, పుల్ త్రూ, లాగి, గుడ్డతో తుడిచి పిల్లాడిలా చూసుకుంటారు. మ్యాగజైనును మాత్రం సంచిలో వేసుకొనే డబ్బాలా చూస్తారు. దాని గురించి చలామణిలో ఉన్న మాటల్లో ఏది నిజమో, ఏది కాదో సర్వీసు ఆయుధం చేతబట్టే మా తమ్ముళ్ళ కోసం, లైసెన్సు రైఫిల్ ఉన్నవాళ్ళ కోసం రాస్తున్నాను.

అపోహ: నిండా లోడు చేసి ఉంచితే స్ప్రింగు చచ్చిపోతుంది.

ఇదే అన్నిటికంటే ఎక్కువ విన్నాను. వారానికోసారి రౌండ్లన్నీ తీసి "స్ప్రింగుకు రెస్టు" ఇచ్చేవాళ్ళున్నారు. బేతంచెర్ల నుంచి నాపరాళ్ళు వేసుకొచ్చే లారీని చూడండి. లోడు మీద రాత్రంతా రోడ్డు పక్కన నిలబడిందని కమాన్ కట్టలు విరగవు. గుంతల్లో ఎగిరెగిరి పడుతూ వందల ట్రిప్పులు తిరిగితే విరుగుతాయి. మ్యాగజైను స్ప్రింగూ అంతే. తన హద్దులోపల అణిగి ఉన్న మంచి ఉక్కు స్ప్రింగు చాలా నిదానంగా బలం కోల్పోతుంది. దాన్ని అరగదీసేది నింపడం, ఖాళీ చేయడం, మళ్ళీ నింపడం. రెస్టు పేరుతో వారం వారం చేసేది సరిగ్గా ఆ పనే.

అయితే నిండా ఉంచడం వల్ల నష్టం అసలే లేదని కూడా చెప్పను. ప్లాస్టిక్ మ్యాగజైన్లలో స్ప్రింగు కింది నుంచి తోస్తూ ఉంటే, ఆ ఒత్తిడంతా పైనున్న లిప్స్ మోస్తాయి. మన ఎండల్లో, మూసి ఉంచిన జీపు డాష్‌బోర్డు మీద, నెలల తరబడి అలా ఉంటే ఆ అంచులు నెమ్మదిగా విచ్చుకుంటాయి. అందుకే కొన్ని విదేశీ ప్లాస్టిక్ మ్యాగజైన్లకు లిప్స్ మీద భారం పడకుండా పై రౌండును కిందికి నొక్కి ఉంచే మూత ఇస్తారు. ఇక చలికైతే ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. 1999లో కార్గిల్ కొండల మీద మన సైన్యం ఇన్సాస్ రైఫిళ్ళ ప్లాస్టిక్ మ్యాగజైన్లు చలికి పగిలిన సంగతి అప్పట్లోనే బయటికొచ్చింది. మన దగ్గర ఆ చలి లేదు గానీ, పగులు వేరే దారిలో వస్తుంది. లారీ మీది నుంచి దూకినప్పుడు బెల్టు పౌచ్‌లోని మ్యాగజైను నేలకు తగులుతుంది. ఇన్సాస్ మ్యాగజైను లోపలి రౌండ్లు కనబడేలా ఉంటుంది కాబట్టి, వెలుతురుకు అడ్డం పెట్టి లిప్స్ మొదట్లో వెంట్రుక లాంటి గీత ఉందేమో చూడండి. ఉంటే ఆ మ్యాగజైను డ్యూటీకి పోకూడదు.

స్ప్రింగు అలసిందని ఎలా తెలుస్తుందంటే, చివరి రెండు మూడు రౌండ్లు పైకి బద్ధకంగా లేస్తాయి. ఖాళీ అయ్యాక, రౌండును చాంబర్‌లోకి తోసే బోల్టును వెనక్కి ఆపి ఉంచవలసిన రైఫిల్‌లో బోల్టు ఆగదు. అప్పుడు స్ప్రింగు మార్చాలి. లాగి సాగదీసి మళ్ళీ పెట్టేవాళ్ళను చూశాను, అలా చేస్తే నాలుగు రోజుల్లో మొదటికే వస్తుంది. విప్పి తుడిచాక స్ప్రింగును ముందు వెనకలు తారుమారు చేసి పెట్టినా రౌండ్లను మోసే ప్లాట్‌ఫాం ఓ పక్కకు ఒరుగుతుంది. విప్పే ముందు ఎటు తిరిగి ఉందో చూసి పెట్టుకోండి.

అపోహ: 20 పట్టేదాంట్లో 18 మాత్రమే నింపాలి.

ఇందులో సగం నిజముంది. వియత్నాం యుద్ధంలో అమెరికా సైనికులు 20 రౌండ్ల ఎం-16 మ్యాగజైన్లలో 18 నింపేవాళ్ళు, ఆ అలవాటు లోకమంతా పాకింది. బోల్టు మూసి ఉండగా నిండు మ్యాగజైనును పెడితే, పై రౌండు ఇంకాస్త కిందికి అణగాలి. అణగడానికి చోటు లేకపోతే మ్యాగజైనును పట్టి ఉంచే క్యాచ్ సరిగ్గా పట్టదు. పట్టినట్టే ఉంటుంది, మొదటి రౌండు కాలగానే ఊడి పడుతుంది.

కాబట్టి లెక్క కంటే చేతి పరీక్ష ముఖ్యం. నింపాక పై రౌండును బొటనవేలితో నొక్కండి. కొంచెమైనా లోపలికి దిగి తిరిగి లేవాలి. రాయిలా బిగుసుకొని ఉంటే ఒకటి తీసెయ్యండి. మ్యాగజైను పెట్టాక ఒకసారి కిందికి లాగి చూడండి. మా ఉస్తాద్ "పెట్టు, లాగు" అని రెండే మాటలు నేర్పించాడు, ఆ అలవాటు ఇప్పటికీ నా చేతిని వదల్లేదు.

రౌండ్లు రెండు వరుసల్లో కూర్చునే మ్యాగజైన్లలో ఇంకో చిన్న కిటుకు ఉంది. పెట్టే ముందు పై రౌండు కుడివైపుందో ఎడమవైపుందో చూసుకోవాలి. లోడు చేశాక మ్యాగజైను దించి చూస్తే అది రెండోవైపుకు మారి ఉండాలి. మారితే ఒక రౌండు చాంబర్‌లోకి పోయినట్టు. చీకట్లో వేలితో తడిమినా తెలుస్తుంది.

నింపేటప్పుడు రౌండు అడుగు భాగం వెనక గోడకు ఆనేలా కూర్చోబెట్టండి. అన్నీ అయ్యాక మ్యాగజైను వెనక వైపును అరచేతికి రెండుసార్లు తట్టండి, అన్నీ వెనక్కి సర్దుకుంటాయి. సినిమాల్లో హెల్మెట్‌కేసి టపటపా కొట్టేదాంట్లో ఉన్న అసలు సంగతి ఇంతే. గట్టిగా బాదితే లిప్స్ వంగడం తప్ప లాభమేమీ లేదు.

అపోహ: లోపల నూనె పోస్తే రౌండ్లు జారుతూ వస్తాయి.

ఈ తప్పు నేను చేశాను. కోత్‌లోకి కొత్తగా వచ్చిన ఏడాది, వానాకాలానికి ముందు స్టీలు మ్యాగజైన్లు తుప్పు పడతాయని లోపల ధారాళంగా నూనె రాయించాను. అవి నల్లమల కూంబింగుకు పోయి నాలుగో రోజు తిరిగొచ్చాయి. ఒకటి విప్పితే లోపల ఎర్రమట్టి, గడ్డి నూగు, నూనె కలిసి ముద్దయ్యాయి. వేలు పెడితే పచ్చడి తగిలినట్టు తగిలింది. ప్లాట్‌ఫాం సగం దాకా వచ్చి అక్కడే నిలిచిపోయింది. అడవిలో వాటిని నమ్ముకున్న మనుషులు గుర్తుకొచ్చి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మనది దుమ్ము దేశం. అనంతపురం పోతే ఎర్రనేల, మా వైపు నల్లరేగడి, కడప వైపు బండ కోసే చోట్ల పిండి లాంటి పొడి. నూనె దొరికితే ఇవన్నీ దాన్నే పట్టుకుంటాయి. పైగా నూనె రౌండు వెనకనున్న, దెబ్బ తగిలితే మందును అంటించే క్యాప్ దాకా పాకుతుంది. క్యాప్ చుట్టూ వార్నిష్ సీలు ఉంటుంది గానీ, ఏళ్ళ తరబడి తడిసే రౌండును నమ్మలేం. స్టీలు మ్యాగజైనుకు నూనె గుడ్డతో తుడిచి, ఆ వెంటనే పొడి గుడ్డతో తుడవండి. లోహం మీద మిగిలే పల్చటి పొర చాలు. ప్లాస్టిక్ దానికి అదీ అక్కర్లేదు. తుడిచాక పెన్సిలు పెట్టి ప్లాట్‌ఫాంను అడుగు దాకా నొక్కి వదలండి. ఎక్కడా గరగర లేకుండా పైకి రావాలి.

అపోహ: రోజూ అదే పై రౌండును ఎక్కించి దించితే ఏమీ కాదు.

గార్డు డ్యూటీలో ఇది నిత్యం జరుగుతుంది. డ్యూటీ ఎక్కగానే లోడు, దిగగానే అన్‌లోడు. బయటికొచ్చిన రౌండును మళ్ళీ పైనే పెడతారు. నెల గడిచేసరికి ఆ ఒక్క రౌండే పదులసార్లు చాంబర్‌కు గుద్దుకొని ఉంటుంది. అలా గుద్దుకొని గుద్దుకొని రౌండు కొసనున్న గుండు ఇత్తడి కేసులోకి కొద్దికొద్దిగా దిగుతుంది. లోపల జాగా తగ్గితే పేలినప్పుడు ఒత్తిడి పెరుగుతుంది. ఏకే-47లో క్యాప్‌ను గుద్దే ఫైరింగ్ పిన్ వదులుగా ఉంటుంది కాబట్టి, ఎక్కించిన ప్రతిసారీ క్యాప్ మీద చిన్న చుక్క పడుతుంది.

అలాంటి రౌండును వాడని ఇంకో రౌండు పక్కన ఆనించి నిలబెట్టండి. పొట్టిగా కనబడితే కోత్‌కు అప్పగించి లెక్క రాయించుకోండి. ఇత్తడి మీద పచ్చగా చిలుము పట్టినదీ అంతే. చెమట చేతులతో పట్టుకున్న రౌండ్లకు మన ఉక్కపోతలో చిలుము తొందరగా పడుతుంది, నింపే ముందు పొడి గుడ్డతో ఒక్కొక్కటి తుడవండి. బ్రాసోతో మెరిపించడం మాత్రం వద్దు.

అపోహ: ఒకే రకం రైఫిల్ అయితే ఏ మ్యాగజైనైనా సరిపోతుంది.

పడుతుంది, కానీ అన్నిసార్లూ పనిచేయదు. త్రీ నాట్ త్రీ రోజుల్లో పది రౌండ్ల మ్యాగజైను ఆ తుపాకీకే సరిచూసి ఇచ్చేవాళ్ళు. అయిదు రౌండ్ల క్లిప్పులతో పైనుంచి నింపేవాళ్ళే గానీ, మ్యాగజైను మార్చేవాళ్ళు కాదు. ఏకే మ్యాగజైను అరటిపండులా వంగి ఉండటం కూడా అందం కోసం కాదు. ఆ తూటా అడుగు నుంచి ముక్కు వైపుకు సన్నబడుతుంది, అలాంటివి ఒకదాని మీద ఒకటి పేరిస్తే వంపు దానంతటదే వస్తుంది. ఎస్.ఎల్.ఆర్. రైఫిల్ తూటా దాదాపు నిటారు, అందుకే దాని మ్యాగజైను తిన్నగా ఉంటుంది.

లైసెన్సుదారుల చేతుల్లో ఎక్కువగా కనబడే 315 బోర్ రైఫిల్ సంగతి వేరుగా చెప్పాలి. సైన్యం తూటా జనం చేతికి రాకూడదన్న బ్రిటిషు కాలపు కట్టడి నుంచి వచ్చిన బోర్ అది. దాని తూటా అడుగున త్రీ నాట్ త్రీకి ఉన్నట్టే బయటికి పొడుచుకొచ్చిన అంచు ఉంటుంది. ఎన్నికల ముందు ఆయుధాలు డిపాజిట్ చేస్తారు కదా, అప్పుడొక రైతు పెద్దాయన "సారూ, రెండో గుండు యాడో తట్టుకుంటాది, బోల్టు ముందుకు పోదు" అన్నాడు. ఎలా నింపుతావో డమ్మీ రౌండ్లతో చూపించమన్నాను. పై తూటా అంచు కింది తూటా అంచుకు వెనకాల పడుతోంది. బోల్టు పైదాన్ని తోస్తే అది కిందిదాన్ని కూడా ఈడుస్తుంది, రెండూ ఇరుక్కుంటాయి. ప్రతి తూటా అంచు దాని కిందిదాని అంచుకు ముందుండాలి. ఆయన నా ముందే మూడుసార్లు నింపి చూశాడు, మూడుసార్లూ బోల్టు నున్నగా పోయింది. "ఇంతేనా సారూ! రిపేరుకు ఇస్తామనుకుంటి" అన్నాడు.

లైసెన్సు వాళ్ళు మ్యాగజైను కొనేటప్పుడు ఆ రైఫిల్ తయారీదారుదే, లైసెన్సున్న డీలరు దగ్గరే తీసుకోండి. సర్వీసు వాళ్ళు మీ మ్యాగజైన్లకు పెయింటుతో నంబర్లు వేసుకోండి. ఆగిన ప్రతిసారీ నంబరు రాయండి. ఒకే నంబరు రెండోసారి కనబడితే ఆ మ్యాగజైను నా లాంటివాడి బల్ల మీదికి రావాలి. లిప్స్‌ను ప్లయర్‌తో సొంతంగా వంచకండి. రెండు మ్యాగజైన్లను తలకిందులుగా కలిపి టేపు చుట్టడం కూడా మానండి, కింది దాని నోరు నేలకు ఆని మట్టి మింగుతుంది.

అపోహ: మ్యాగజైను తీసేస్తే తుపాకీ ఖాళీ.

చాంబర్‌లో ఒకటి ఉండిపోతుంది. అన్‌లోడు చేసేటప్పుడు ముందు మ్యాగజైను బయటికి రావాలి, ఆ తర్వాతే బోల్టును వెనక్కి తెచ్చే కాకింగ్ హ్యాండిల్ లాగాలి. వరుస తప్పి ముందు హ్యాండిల్ లాగితే, చాంబర్‌లోది బయటపడి మ్యాగజైనులోంచి ఇంకోటి ఎక్కుతుంది. తర్వాత మ్యాగజైను తీసినవాడు ఖాళీ అయిందనుకుంటాడు. ఇసుక బస్తాల వైపు గురిపెట్టి, మ్యాగజైను తీసి, హ్యాండిల్ రెండు మూడుసార్లు లాగి, బోల్టును వెనక్కి పట్టి చాంబర్‌లోకి కంటితో చూడండి. చీకటైతే చిటికెన వేలు పెట్టి తడమండి. కింద పడిన రౌండును వెతికి తీసి, తుడిచి, లెక్కపెట్టి, ఈసారి మ్యాగజైనులో అడుగున పెట్టండి.