బరువు తగ్గే ఆపరేషన్ అయ్యాక ‘నా టార్గెట్ 55’ అంటున్నారా? కొన్ని అపోహలు, వాస్తవాలు

పోయిన నెల ఒకావిడ బ్యాగులోంచి చిన్న డైరీ తీసి నా టేబుల్ మీద పెట్టింది. మొదటి పేజీలో ఎర్ర పెన్నుతో 55 అని రాసి, చుట్టూ మూడు సున్నాలు చుట్టుకుంది. పెన్ను ఎంత గట్టిగా నొక్కిందంటే వెనక పేజీలో కూడా అచ్చు పడింది. తర్వాతి పేజీల్లో ప్రతి సోమవారం బరువు ఉంది. 112తో మొదలై 104, 97, 90 అంటూ దిగుతూ వచ్చి చివరి ఐదు వారాలు 82, 82.4, 81.8, 82, 82. “ఫెయిలైపోనాను మేడమ్, బంగారం తాకట్టెట్టి మరీ చేయించారు మా ఆయన” అని ఏడ్చేసింది. పది రోజులుగా రాత్రి తిండి మానేసిందట.

స్లీవ్ ఆపరేషన్ (కడుపులో ఎక్కువ భాగం తీసేసి గొట్టంలా మిగిల్చేది) అయి అప్పటికి పద్నాలుగు నెలలు. షుగర్ మాత్రలు మూడో నెలలోనే డాక్టరు ఆపించారు, బీపీ మాత్ర సగానికి తగ్గింది. మోకాళ్ళ నొప్పితో ఇంట్లో మేడ ఎక్కలేని మనిషి, మొన్న రామతీర్థం కొండ మెట్లు ఎక్కి దండం పెట్టుకుని వచ్చింది. అవేవీ ఆ డైరీలో లేవు. 55 ఒక్కటే ఉంది.

నేను విజయనగరంలో డైటీషియన్‌ని. ఆపరేషన్ విశాఖలో చేయించుకున్నవాళ్ళు ప్రతిసారీ అక్కడిదాకా వెళ్ళలేక తిండి విషయం, ఫాలోఅప్ కోసం బొబ్బిలి, చీపురుపల్లి, రాజాం వైపుల నుంచి నా దగ్గరికి వస్తుంటారు. ఈ టార్గెట్ బరువు గురించి వాళ్ళ నోట నేను పదే పదే వినే మాటలే ఇవి. పైన చెప్పిన ఆవిడ అనుమతితోనే రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు మార్చాను.

అపోహ: ఎత్తులోంచి వంద తీసేస్తే ఎంత వస్తే అదే నా టార్గెట్.

ఆవిడ ఎత్తు 155 సెంటీమీటర్లు, వంద తీస్తే 55, అంతే, అక్కడి నుంచి వచ్చింది ఆ ఎర్ర అంకె. ఇది పంతొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి వైద్యుడు పాల్ బ్రోకా పేరు మీద చలామణిలో ఉన్న లెక్క. బీఎంఐ (ఎత్తుని బట్టి బరువు ఎంతుందో చెప్పే లెక్క) పట్టిక చూసినా దగ్గర దగ్గరగా అదే వస్తుంది, ఎందుకంటే మన దేశంలో 23 లోపు ఉంటే మామూలు బరువు, 25 దాటితే ఊబకాయం అంటారు, 155 సెంటీమీటర్ల మనిషికి 23 అంటే 55 కిలోలే. ఈ పట్టికలు తప్పని నేను అనను. ఏ బరువు దాటితే జబ్బుల భయం మొదలవుతుందో అవి చెప్తాయి. పదిహేనేళ్ళు వంద కిలోల పైన బతికిన ఒళ్ళు ఆపరేషన్ తర్వాత ఎక్కడ కుదురుకుంటుందో మాత్రం వాటికి తెలీదు.

అది తెలియాలంటే లెక్క మీ మొదటి బరువు నుంచి మొదలవ్వాలి. స్లీవ్ అయితే సగటున మొత్తం బరువులో నాలుగో వంతు, అంటే 25 శాతం అటూ ఇటూ తగ్గుతారు, బైపాస్ (కడుపుని చిన్నది చేసి, తిండి పేగులో కొంత భాగం దాటిపోయేలా కలిపే ఆపరేషన్) అయితే 30 శాతం అటూ ఇటూ. 112లో నాలుగో వంతు 28, అంటే 84 దగ్గర ఆగడం సగటు. ఆవిడ 82కి వచ్చింది, దాదాపు 27 శాతం తగ్గింది, సగటు కంటే ఒక మెట్టు కిందకే దిగింది. 55కి రావాలంటే ఒంట్లో సగం పైన కరగాలి. స్లీవ్ ఒక్కదానితో అంత తగ్గేవాళ్ళు చాలా అరుదు, అలాంటిది టార్గెట్ అని పెట్టుకుంటే మొదటి రోజు నుంచే ఓడిపోయినట్టు.

ఇక్కడే ఇంకో గందరగోళం ఉంది, సగం ఏడుపులు దాని వల్లే. ఆసుపత్రిలో “అరవై శాతం తగ్గుతారు” అని చెప్తారు. అది అదనపు బరువులో అరవై శాతం. బీఎంఐ 25 దగ్గర ఉండాల్సిన బరువు ఈవిడకి 60, అప్పుడు అదనం 52 కిలోలు, అందులో అరవై శాతం అంటే 31. మన వాళ్ళేమో ఇంటికొచ్చి 112లో అరవై శాతం లెక్కేసుకుని 67 కిలోలు తగ్గిపోతామనుకుంటారు, అంటే 45 కిలోల మనిషి అవుతామని! అదనపు బరువులో సగం పోతే దాన్ని మంచి ఫలితం అంటారు డాక్టర్లు. ఈవిడకి సగం అంటే 26 కిలోలు, తగ్గింది 30. దయచేసి ఈసారి ఎవరైనా శాతం చెప్తే “దేంట్లో శాతం సార్?” అని అడగండి, మొహమాటపడొద్దు.

స్లీవ్‌లో కడుపులో 75 నుంచి 80 శాతం తీసేస్తారు, ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యే భాగం కూడా అందులోనే పోతుంది, పేగుల నుంచి వచ్చే మిగతా సంకేతాలూ మారతాయి. అందుకే ఆకలి తగ్గుతుంది, ఒళ్ళు కొత్త బరువు దగ్గరికి దిగి అక్కడ నిలబడుతుంది. కొత్త బరువు పాత బరువు కంటే చాలా తక్కువే గానీ, ఎప్పుడూ లావెక్కని మనిషి బరువంత తక్కువ కాదు.

అపోహ: మా తోడికోడలు 45 కిలోలు తగ్గింది, నేనూ అంతే తగ్గాలి.

ఆవిడ మొదటి బరువెంత, చేసింది స్లీవా బైపాసా, వయసెంత, ఇన్సులిన్ మీద ఉండేదా అని అడిగితే సగం మందికి తెలీదు. 150 కిలోల మనిషి 45 తగ్గడం, 95 కిలోల మనిషి 28 తగ్గడం శాతంలో దాదాపు ఒకటే. వయసు పెరిగేకొద్దీ, షుగర్ ఎన్నో ఏళ్ళుగా ఉన్నవాళ్ళకి, తగ్గడం కొంచెం నెమ్మదిగా ఉంటుంది. పెళ్ళిలో పక్కపక్కన నిలబెట్టి పోల్చే బంధువులకి ఇదంతా విడమర్చి చెప్పే ఓపిక మీకు ఉండకపోవచ్చు. అక్కర్లేదు కూడా.

అపోహ: బరువు ఆగిందంటే ఆపరేషన్ ఫెయిల్.

మొదటి రెండు మూడు నెలల్లో ఒకసారి రెండు మూడు వారాలు అంకె కదలదు. టెన్షన్ పడి తిండి ఇంకా తగ్గిస్తారు, అదే అసలు తప్పు. తగ్గడం ఎక్కువమందికి పన్నెండు నుంచి పద్దెనిమిది నెలలకి ఆగుతుంది. ఆగాలి కూడా, ఆగకపోతే భయపడాల్సింది మేము. ఆ తర్వాత కనిష్ఠ బరువు నుంచి కొన్ని కిలోలు వెనక్కి రావడం మామూలే. స్వీడన్‌లో 1987లో మొదలుపెట్టి ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళని ఇరవై ఏళ్ళు వెంట పడి చూసిన పెద్ద అధ్యయనం ఉంది. అందులో రెండేళ్ళకి సగటున 23 శాతం తగ్గారు, పదేళ్ళకి అది 17 శాతం, ఇరవై ఏళ్ళకి 18 శాతం. అంటే కొంత తిరిగొచ్చింది, మిగతాది ఇరవై ఏళ్ళు నిలిచింది. ఊబకాయం ఉన్న మనిషికి ఇరవై ఏళ్ళు నిలిచిన 18 శాతం అంటే ఎంత పెద్ద మాటో, డైటింగు మీద డైటింగు చేసి ప్రతిసారీ తగ్గింది మళ్ళీ పెరిగినవాళ్ళని అడగండి.

అందుకే నేను మొదటి రోజు ఒక్క అంకె రాయను. ఒక రేంజ్ రాస్తాను, ఈవిడకైతే 80 నుంచి 86. ఆరో నెలలో ఒకసారి, పద్దెనిమిదో నెలలో ఒకసారి ఇద్దరం కూర్చుని సరిచూసుకుంటాం. ఆ రేంజ్ కింద బరువుతో సంబంధం లేనివి నాలుగు రాయిస్తాను: మూడు నెలల సగటు షుగర్ ఎంతుండాలి, నడుం కొలత, రాత్రి గురక, ఇంకోటి మనిషిని బట్టి. ఒకాయన ‘బస్సులో పక్కవాణ్ణి ఇబ్బంది పెట్టకుండా కూర్చోవాలి’ అని రాశాడు. ఒకమ్మాయి ‘వంగి చెప్పు బక్కిలు నేనే పెట్టుకోవాలి’ అని రాసింది. ఆరు నెలలు తిరక్కుండా నా ఎదురుగా వంగి బక్కిలు పెట్టుకుని, లేచి నిలబడి, ఆయాసం లేదు చూడండి అంది.

అపోహ: ఎంత తగ్గితే అంత మంచిది.

తగ్గే బరువులో కొవ్వొక్కటే ఉండదు, కండ కూడా పోతుంది. తిండి మానేసి మరో ఐదు కిలోలు లాగుదామనుకుంటే పోయేది ఎక్కువ కండే, కండ పోతే ఒళ్ళు ఖర్చుపెట్టే శక్తి తగ్గుతుంది, రేపు పెరగడం ఇంకా తేలికవుతుంది. రోజుకి కనీసం 60 గ్రాముల ప్రోటీన్ కావాలి. ఒక గుడ్డులో ఆరు గ్రాములే, కాబట్టి కంచంలో ముందు గుడ్డు, చేప, చికెన్, పప్పు, ఆ తర్వాత చోటుంటే అన్నం. చోడంబలి (రాగి అంబలి) మంచిదేగా అని మూడు పూటలా అదే తాగితే కడుపు నిండుతుంది గానీ ప్రోటీన్ చాలదు. ఆ పది రోజుల్లో మన డైరీ ఆవిడకి రోజుకి ముప్ఫై గ్రాములు కూడా అందలేదు, దువ్వెన నిండా జుట్టు వస్తోందని అదీ చెప్పింది. మూడో నెల నుంచి ఆరో నెల మధ్య జుట్టు రాలడం చాలామందికి ఉంటుంది, తర్వాత తిరిగొస్తుంది. పద్నాలుగో నెలలో ఊడుతోందంటే తిండి వైపు, రక్తంలో ఐరన్ వైపు చూడాలి.

దీనికి ఎదురు ఒత్తిడి కూడా ఉంటుంది. ఇరవై కిలోలు తగ్గగానే “ఏటమ్మా అలగయిపోనావు, మొహం పీక్కుపోయింది, ఇంక చాల్లే” అంటారు ఇంట్లో పెద్దవాళ్ళు. ప్రేమతోనే అంటారు. లావు మొహానికి అలవాటుపడిన కళ్ళకి అలాగే కనిపిస్తుంది, ఏడాది పోతే వాళ్ళ కళ్ళకీ అలవాటవుతుంది. బీఎంఐ ఇంకా 33, 34 దగ్గర ఉండి, తగ్గే నెలలు మిగిలే ఉంటే ఆ మాట విని లడ్డూలు మొదలుపెట్టకండి.

అపోహ: టార్గెట్ వచ్చేసింది, ఇక మాత్రలు అక్కర్లేదు.

బీ12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి జీవితాంతం. ఏడాదికోసారి రక్తపరీక్ష. బరువు ఎంతున్నా ఇది మారదు. పిల్లల కోసం చూసేవాళ్ళు ఆపరేషన్ తర్వాత పన్నెండు నుంచి పద్దెనిమిది నెలలు ఆగాలి, డాక్టరుకి ముందే చెప్పి మాత్రలు సరిచేయించుకోవాలి.

వేలాడే చర్మం గురించి కూడా అడుగుతారు. దానికీ బరువుంటుంది, పొట్ట మీద, చేతుల మీద కలిపి కొన్ని కిలోలు ఉండొచ్చు, వ్యాయామంతో పోదు. టార్గెట్‌కి రెండు మూడు కిలోలు దూరంలో ఆగిపోయి బాధపడేవాళ్ళు అది గుర్తుపెట్టుకోండి.

అపోహ: కొంచెం పెరిగానంటే కడుపు మళ్ళీ సాగిపోయినట్టే.

కడుపు కొంత సాగడం నిజమే, కానీ పెరిగి వచ్చినవాళ్ళలో నేను ఎక్కువగా చూసే కారణం వేరే. గొట్టంలాంటి ఆ కడుపు అన్నాన్ని ఆపుతుంది గానీ ద్రవాల్ని ఆపదు. రోజుకి నాలుగు టీలు రెండేసి చెంచాల పంచదారతో, సాయంత్రం బాదంపాలు, ఎండలో చెరుకురసం, ఇవన్నీ ఇబ్బంది లేకుండా జారిపోతాయి. ఇంకోటి మన జిల్లాల్లో ప్రత్యేకం, చుట్టాలు పలాస నుంచి తెచ్చిపెట్టే జీడిపప్పు. ముప్ఫై గ్రాములు, చిన్న గుప్పెడు, దగ్గర దగ్గర 165 క్యాలరీలు, టీవీ చూస్తూ మూడు గుప్పెళ్ళు తిన్నా కడుపు బరువుగా అనిపించదు, అన్నం మాత్రం “రెండు గరిటెలే తింటున్నాను మేడమ్” అంటారు. నిజంగా రెండు గరిటెలే.

కనిష్ఠ బరువు నుంచి మూడు నాలుగు కిలోలు పెరిగితే వారం రోజులు తాగినవీ తిన్నవీ అన్నీ రాసి చూడండి, అక్కడే దొరుకుతుంది చాలాసార్లు. ఐదారు దాటి ఇంకా ఎక్కుతుంటే సిగ్గుపడి ఫాలోఅప్ మానేయకండి, మీ సర్జన్ దగ్గరికి వెళ్ళండి. కడుపు ఎలా ఉందో చూస్తారు, థైరాయిడ్ చూస్తారు, అవసరమైతే ఇప్పుడు మందులూ ఇంజెక్షన్లూ కూడా ఉన్నాయి. వెళ్ళేటప్పుడు ఆ వారం రాసిన కాగితం పట్టుకెళ్ళండి, టీలో పంచదార చెంచాలతో సహా.