అక్కడ నేను లేనే అన్న దిగులు: సరిహద్దు ఇళ్లలో దాని పూర్వాపరాలు

ఆంధ్ర సరిహద్దుకు దగ్గరగా ఒడిశాలో ఉన్న బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడల్లోని తెలుగు ఇళ్లలో పన్నెండు, పదమూడేళ్ల పిల్లల్ని ఒక దిగులు పట్టుకుంది. తాము లేనిచోట ఏదో జరిగిపోతోందని వాళ్లకు బెంగ. తరగతి పిల్లలు కొత్త వాట్సాప్ గ్రూపు పెట్టుకుని తమను చేర్చలేదు. స్నేహితులు గోపాలపురం సముద్రతీరానికి వెళ్లిన సంగతి రాత్రి పడుకునే వేళ స్టేటస్‌లో తెలిసింది. పెద్దవాళ్లు దీన్ని ఫోను పిచ్చి అని తేల్చేస్తున్నారు. అది అన్యాయం. పిల్లలు ఈ భయాన్ని కొనితెచ్చుకోలేదు. వాళ్లు పుట్టకముందే అది మొదలైంది, వాళ్లు పెరుగుతుండగా ముదిరింది.

మనిషి తన స్థితిని పక్కవాడితో పోల్చి కొలుచుకుంటాడని మనస్తత్వ శాస్త్రవేత్త లియోన్ ఫెస్టింగర్ 1954లోనే సిద్ధాంతీకరించాడు. సరిహద్దు పిల్లలకు ఆ పోలిక రెండు వైపుల నుంచి వస్తుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోని బరంపురం, పర్లాకిమిడి అటు వెళ్లాయి. తెలుగు కుటుంబాలు అక్కడే ఉన్నాయి, బంధువులు మాత్రం శ్రీకాకుళం, విశాఖల్లో ఉండిపోయారు. పిల్లలకు బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు. సంక్రాంతికి బాబాయి పిల్లలంతా ఒకచోట చేరితే అక్కడ తాము లేమని దిగులు. జూన్‌లో ఒడియావాళ్ల రజ పండుగకు స్నేహితుల ఇళ్లలో ఉయ్యాలలు కడితే, ఆ సందడి పూర్తిగా తమది కాదేమోనని మరో దిగులు.

ఇది పాత బాధే. అయితే అప్పట్లో కబురు ఆలస్యంగా వచ్చేది. బరంపురంలో రెండేళ్లకోసారి, దాదాపు నెల రోజులపాటు సాగే ఊరి దేవత బుఢీ ఠాకురాణి యాత్రకు రాలేకపోయినవాళ్లు అక్కడి విశేషాలను తర్వాతెప్పుడో ఉత్తరంలోనో, ఊరినుంచి వచ్చినవాళ్ల నోటనో వినేవారు. అప్పటికి బెంగ సగం చల్లారేది. ఆ ఆలస్యం మనసుకు ఎంత రక్షణగా ఉండేదో, అది పోయాక గాని తెలియలేదు.

ఏదైనా చేజారిపోతుందేమోనన్న ఈ భయాన్ని మొదట గమనించి రాసింది వ్యాపార ప్రపంచమే. కొనుగోలుదారుల్లో కనిపించే ఈ భయం గురించి మార్కెటింగ్ నిపుణుడు డాన్ హెర్మన్ 2000లో రాశాడు. 2004లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ విద్యార్థి పాట్రిక్ మెక్‌గినిస్ కళాశాల పత్రికలో దానికి ‘ఫోమో’ (ఫియర్ ఆఫ్ మిస్సింగ్ అవుట్) అని పేరు పెట్టాడు. ఆ తర్వాత వచ్చిన మార్పులన్నీ ఆ భయాన్ని పెంచేవే. 2009లో ఫేస్‌బుక్ లైక్ బటన్ తెచ్చింది. 2013లో స్నాప్‌చాట్, 24 గంటల్లో మాయమయ్యే స్టోరీలు మొదలుపెట్టింది. 2016 ఆగస్టులో ఇన్‌స్టాగ్రామ్, 2017 ఫిబ్రవరిలో వాట్సాప్ స్టేటస్ అదే బాట పట్టాయి. ఇప్పుడే చూడకపోతే ఇక కనబడదు అన్న తొందర వాటి నిర్మాణంలోనే ఉంది. సరిగ్గా ఆ నెలల్లోనే, 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చౌకైంది. 2020లో బడులు మూతపడి పాఠాల కోసం ఫోను పిల్లల చేతికి వచ్చింది. ఆ జూన్‌లో టిక్‌టాక్‌ను నిషేధిస్తే జులైలో ఇన్‌స్టాగ్రామ్ చిన్న వీడియోలు, రీల్స్ వచ్చేశాయి. అప్పుడు రెండో తరగతో మూడో తరగతో చదివినవాళ్లే ఇప్పుడు హైస్కూలు పిల్లలు.

మనస్తత్వ శాస్త్రవేత్త ఆండ్రూ షిబిల్‌స్కీ బృందం 2013లో పది ప్రశ్నలతో ఈ భయాన్ని కొలిచింది. పని చేయగలనన్న నమ్మకం, తన నిర్ణయం తనదన్న భావన, నావాళ్లున్నారన్న ధైర్యం కొరవడినవాళ్లలో అది ఎక్కువని తేలింది. అందుకే ఫోను లాక్కోవడం ఎదురుతిరుగుతుందని నా అభిప్రాయం. ఆ పనితో రెండోదీ మూడోదీ ఇంకా తగ్గుతాయి. ‘నన్ను పిలవలేదు’ అని పిల్ల ఏడిస్తే ‘ఇంతేనా’ అనకూడదు. బాబాయి కొడుకుతో నేరుగా మాట్లాడించాలి. పండుగలో ఏదో ఒక పని పూర్తిగా ఆ పిల్లకే అప్పగించాలి.

2018లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం 143 మంది విద్యార్థులతో చేసిన ప్రయోగంలో మరో సంగతి బయటపడింది. ఒక జట్టు ఒక్కో యాప్‌ను రోజుకు పది నిమిషాలకే పరిమితం చేసుకుంది. వాళ్లలో ఒంటరితనం తగ్గింది. ఈ భయం మాత్రం, వాడకాన్ని లెక్క చూసుకోవడం తప్ప ఏ పరిమితీ లేని రెండో జట్టులోనూ తగ్గింది. వాళ్లు కళాశాల విద్యార్థులు కాబట్టి చిన్నపిల్లలకు యథాతథంగా అన్వయించలేం. అయినా ఏ వేళ ఏం చూశాక మనసు కలుక్కుమందో ఒక వారం పిల్లలతోనే రాయించడానికి ఖర్చేమీ లేదు.

2025 ఫిబ్రవరి నుంచి మన దేశంలోనూ ఇన్‌స్టాగ్రామ్ టీన్ ఖాతాలు, అంటే టీనేజీ పిల్లలకు కట్టుదిట్టాలతో కూడిన ఖాతాలు, వచ్చాయి. రాత్రి పది నుంచి ఉదయం ఏడు దాకా నోటిఫికేషన్లు మోగవు. పదహారేళ్లలోపు వాళ్లు ఆ రక్షణలను సడలించుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. అయితే పుట్టిన సంవత్సరం తప్పుగా ఇచ్చి తెరిచిన ఖాతాకు ఇవి వర్తించకపోవచ్చు. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ముందు దాన్ని సరిచూడాలి.