చిల్లుల డిష్‌కి రేడియో తరంగం ఎలా చిక్కుతుంది?

పుణెలో ఉద్యోగం చేసే ఒక పాఠకుడు సైన్స్ దినోత్సవం నాడు, అంటే ఫిబ్రవరి 28న, పిల్లలతో కలిసి ఖొడద్ వెళ్ళొచ్చి ఒక ప్రశ్న పంపారు. "అంత పెద్ద డిష్ కింద నిలబడి తలెత్తితే ఆకాశం కనబడుతోంది. అంతా చిల్లులే! ఎండా, గాలీ, వానా అన్నీ దూరిపోతుంటే ఎక్కడో గెలాక్సీ నుంచి వచ్చే సిగ్నల్ మాత్రం ఎలా ఆగుతుందండీ?" అక్కడున్న జెయింట్ మీటర్‌వేవ్ రేడియో టెలిస్కోప్ (జీఎంఆర్‌టీ) గురించి చెప్పుకోవాల్సినవి ఎన్నో ఉన్నా, ఈసారికి ఆ చిల్లుల దగ్గరే ఆగుతాను. ఆ టెలిస్కోపు ప్రాణమంతా అక్కడే ఉంది.

ఖొడద్ పుణెకు ఉత్తరాన 80 కిలోమీటర్ల దూరంలో, నాసిక్ రోడ్డు మీద నారాయణ్‌గావ్ పక్కనున్న పల్లె. జీఎంఆర్‌టీలో 45 మీటర్ల డిష్‌లు 30 ఉన్నాయి. వాటిలో 14 నడిమధ్య దగ్గర దగ్గరగా ఉంటాయి. మిగతా 16 మూడు వైపులకు, దాదాపు 25 కిలోమీటర్ల మేర, పొలాల మధ్య పరుచుకుని ఉంటాయి. అన్నీ కలిసి ఒకే టెలిస్కోపుగా పనిచేస్తాయి. ఇక చిల్లుల సంగతి.

45 మీటర్ల డిష్ అంటే దాని నోరు సుమారు 1,590 చదరపు మీటర్లు, మన లెక్కలో 39 సెంట్ల పైమాటే. అంత రేకును గాలికి ఎదురుగా నిలబెట్టాలంటే టన్నుల కొద్దీ ఉక్కు కావాలి, దాన్ని తిప్పడానికి భారీ మోటార్లు కావాలి. అలాంటివి 30 కట్టడం మన దేశం తాహతుకు మించిన పని. ఈ టెలిస్కోపును రూపొందించిన శాస్త్రవేత్త గోవింద్ స్వరూప్ బృందం ఏం చేసిందంటే, 16 పారాబోలా ఫ్రేముల మధ్య స్టీలు తాళ్ళు బిగించి, వాటి మీద సన్నటి తీగ జాలీ పరిచింది. తీగ మందం 0.55 మిల్లీమీటర్లు. మధ్యభాగంలో జాలీ గడి 10 మిల్లీమీటర్లు, తర్వాత 15, అంచు దగ్గర 20. మీరే లెక్కకట్టండి: 10 మిల్లీమీటర్ల గడిలో తీగ ఆక్రమించే చోటు వందకు 11 వంతులు. అంచుల్లో అయితే 5, 6 వంతులే. మిగిలిందంతా ఖాళీ. గాలి దారి గాలిది.

మరి తరంగం? రేడియో తరంగం తీగను తాకగానే తీగలోని ఎలక్ట్రాన్లు అటూ ఇటూ ఊగుతాయి. ఊగే ప్రతి ఎలక్ట్రానూ ఒక చిన్న ట్రాన్స్‌మిటరే, తనూ తరంగాలు వదులుతుంది, జాలీకి రెండు వైపులా. అవతలి వైపు ఈ కొత్త తరంగం అసలు తరంగానికి సరిగ్గా ఎదురై దాన్ని రద్దు చేస్తుంది. ఇవతలి వైపు వెనక్కి మళ్ళేదే పరావర్తనం. గట్టి రేకులో జరిగేదీ ఇదే! రేకు తరంగానికి గోడలా అడ్డుపడదు, ఎలక్ట్రాన్లతో దాన్ని రద్దు చేయిస్తుంది. పక్కపక్క తీగల మధ్య దూరం తరంగదైర్ఘ్యంలో చిన్న వంతు అయితే, వాటి తరంగాలన్నీ కలిసిపోయి ఖాళీని పూడ్చేస్తాయి. హైడ్రోజన్ వాయువు పలికే 21 సెంటీమీటర్ల తరంగానికి 10 మిల్లీమీటర్ల గడి 21వ వంతు. 150 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యం దగ్గర తరంగం 2 మీటర్లు, గడి 200వ వంతు. కంటికి కనిపించే వెలుతురుదేమో అర మైక్రాన్ (మిల్లీమీటరులో రెండువేలవ వంతు), అదే గడి దానికి 20,000 రెట్లు. అందుకే ఎండ దూరిపోతుంది, గెలాక్సీ సిగ్నల్ ఆగుతుంది. మీ వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్ తలుపు చూడండి. లోపల గిన్నె తిరగడం కనిపిస్తుంది, 12 సెంటీమీటర్ల తరంగం మాత్రం బయటికి రాదు.

జాలీ నూటికి నూరు పాళ్ళూ ఆపదు. కాస్త కారుతుంది. కారితే సిగ్నల్ తగ్గడం కన్నా పెద్ద నష్టం ఇంకొకటుంది: కింది నేల వెచ్చగా, దాదాపు 300 కెల్విన్ల (27 డిగ్రీల సెల్సియస్) దగ్గర, తనూ రేడియో తరంగాలు వెదజల్లుతుంటుంది. అందులో వందకు 2 వంతులు చిల్లుల్లోంచి పైకి వచ్చినా రిసీవర్‌కు 6 కెల్విన్ల రొద అదనం (రేడియో రొదనూ ఉష్ణోగ్రత లెక్కలోనే కొలుస్తారు). 21 సెంటీమీటర్ల దగ్గర ఆకాశం ఉష్ణోగ్రతే కొద్ది కెల్విన్లు కాబట్టి ఆ 6 పెద్ద సంఖ్య. 150 మెగాహెర్ట్జ్‌లో ఆకాశమే వందల కెల్విన్ల రొద చేస్తుంది, అక్కడ ఈ కారుడు లెక్కలోకి రాదు. మధ్యలో చిన్న గడి, అంచున పెద్ద గడి ఎందుకంటే, పైన ఫోకస్ దగ్గరుండి తరంగాలను అందుకునే ఫీడ్ అనే యాంటెన్నా డిష్ మధ్యభాగాన్నే ఎక్కువగా చూస్తుంది, అంచును తక్కువగా. పైగా అంచు మీద పడే గాలి తోపుకు డిష్‌ను మెలితిప్పే బలం ఎక్కువ. ఎక్కడ పిసినారితనం చేయాలో అక్కడే చేశారు. ఇంత చక్కటి ఇంజనీరింగ్ చూస్తే నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

మన బడుల్లో తరంగదైర్ఘ్యమంటే వంకర గీతలో రెండు శిఖరాల మధ్య దూరమని రాయించి వదిలేస్తారు. ఒక ఎఫ్ఎం రేడియోను అన్నివైపులా మూసిన ఇనుప జాలీ పెట్టెలో పెట్టి, పాట ఆగిపోవడం పిల్లలకు వినిపిస్తే ఆ పాఠం జన్మలో మరచిపోరు.

గురుబలం గురించి టెన్షన్ పడేవాళ్ళకు ఒక మాట. గురుగ్రహం నిజంగానే రేడియో తరంగాలు పంపుతుంది, వాటిని కొలవచ్చు. అయితే పాత 2జీ ఫోన్ ఒకటి చంద్రుడి మీద మోగితే, దాని పౌనఃపున్యంలో అది గురుడికన్నా ఎన్నో రెట్లు ప్రకాశవంతంగా వినిపిస్తుంది. జాతకంలో ఫోన్‌కి గడి లేదు కదా! ఖొడద్‌లో మొబైల్ ఆఫ్ చేయమనేది కూడా ఇందుకే. పుణె–నాసిక్ కొత్త రైలు మార్గాన్ని జీఎంఆర్‌టీకి దూరంగా జరపాల్సి వచ్చిందీ ఇందుకే. కరెంటు రైలు పైతీగను రాసుకునే చోట లేచే మెరుపు ఎన్నో పౌనఃపున్యాల్లో రొద చేస్తుంది.

ఈ జాలీ ఎంత సన్నటి గొంతు వినగలదో 2016 అక్టోబరు 19న తేలింది. ఐరోపా వాళ్ళ షియాపరెల్లి ల్యాండర్ అంగారకుడి మీదికి దిగుతుంటే, దాని కొద్దిపాటి సిగ్నల్‌ను కోట్ల కిలోమీటర్ల దూరం నుంచి ఖొడద్‌లో పట్టుకున్నారు. దిగే ముందు ఆ సిగ్నల్ తెగిపోయిందని కూడా ఇక్కడే మొదట తెలిసింది.

వెళ్ళాలనుకుంటే సైన్స్ దినోత్సవమే మంచి రోజు. చుట్టుపక్కల బడుల పిల్లలు తయారుచేసిన నమూనాలు ప్రదర్శనలో ఉంటాయి, శాస్త్రవేత్తలు ఓపిగ్గా జవాబులు చెబుతారు. మిగతా రోజుల్లో అయితే ముందుగా అనుమతి తీసుకోవాలి.